కుదురు లేని సింకు

ఈ శీర్షికలో ఇంతకుముందు రాసినవారు కొండలను గురించి, కోటలను గురించి, పాత మిషను బంగళాలను గురించి చక్కగా రాశారు. నేను రాయబోయేది అలాంటిది కాదు. కర్నూలు నుండి కడప వరకు మా వ్యానులో ప్రయాణం చేసిన ఒక స్టీలు సింకు సంగతి. నవ్వవద్దు. ఈ మాట చెప్పినప్పుడు మా సంఘ పెద్దలు కూడా నవ్వారు. కానీ ఆ సింకు మూలంగా ఒక ఊరి స్త్రీల ముందు నేను తల వంచుకొని నిలబడవలసి వచ్చింది. అది చెప్పాలంటే ముందు వ్యాను సంగతి చెప్పాలి.

కొన్ని సంవత్సరాల క్రితం మా పాస్టరేటువారు ఒక పాత మినీ బస్సు కొన్నారు. గ్రామాలలో కంటి పరీక్షలు జరిపించడానికి డాక్టరుగారిని, నర్సులను, మందులను, అద్దాల పెట్టెలను తీసుకొని మూడు నాలుగు రోజుల పాటు తిరగడం దాని పని. మొదట్లో వంట ఏర్పాటు లేదు. ఏ ఊరికి పోతే ఆ ఊరివారే మాకు అన్నం పెట్టేవారు. మన పల్లెల సంగతి మీకు తెలుసు. ఇంట్లో రేషను బియ్యం, చింతపులుసు తిని సరిపెట్టుకొనే కుటుంబం, అయ్యగారు వచ్చారంటే అప్పు చేసి కోడిని కోస్తుంది. ఎనిమిది మందిమి పోయి మూడు రోజులుంటే వారికి ఆ అప్పు తీరడానికి మూడు నెలలు పడుతుంది. ఒకచోట ఆ సంగతి మా చెవిన పడింది. తిరిగి వచ్చాక మా స్త్రీల సమాజంవారు కూర్చొని మాట్లాడుకొని, ఇకమీదట వంట మనమే చేసుకుందామని తీర్మానించారు.

అందుచేత బస్సులో వెనుక సీట్లు తీయించి, అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో ఒక ప్లైవుడ్ గట్టు కట్టించాము. దానిమీద రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, పక్కన గిన్నెలు కడుక్కోవడానికి స్టీలు సింకు, సింకు వెనుక అంచున ఒక కొళాయి. పైన ఇనుప స్టాండు మీద వంద లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. కట్టినవాడు కర్నూలులో ఇళ్లకు వంటగదులు చేసే వడ్రంగి. చూడటానికి ఇంట్లోని వంటగదిలాగే ఉంది. వచ్చిన తప్పు కూడా అదే.

మా ఇంటావిడ జనవరిలోనే చెప్పింది. "ఏమండీ, సింకు కదులుతోంది. చెయ్యి ఆనిస్తే ఊగుతోంది."

"సింకే గదా, చూద్దాంలే" అన్నాను.

ఒక నెల తర్వాత మళ్లీ చెప్పింది. అప్పుడు ఒక తాపీ పనివానిని పిలిచి అంచు చుట్టూ తెల్ల సిమెంటు పెట్టించాను. మరుసటి ప్రయాణంలో ఓర్వకల్లు దగ్గర ఆ గుట్టలు గుట్టలుగా నిలబడిన రాళ్లు కనబడేసరికే ఆ సిమెంటు పగిలి స్టవ్వు మీద పడింది. తర్వాత, రెండు ముద్దలు కలిపి పిసికే గట్టి జిగురు తెచ్చి నేనే అతికించాను. అది ఇనుమును పట్టుకొంది గాని చెక్కను వదిలేసింది. మూడోసారి సిలికాన్ గొట్టం కొని, వేలితో అంచంతా పూసి, ఇక దిగులు లేదని చెప్పాను. మా ఇంటావిడ ఏమీ అనలేదు. గట్టు కింద అలమారు తలుపు తీసి, ప్లైవుడ్ అడుగున తెల్లగా గీసినట్టున్న ఒక చారను నాకు చూపించింది. సున్నమేమో అనుకొన్నాను.

ఆ మార్చిలో మేము పోయిన ఊరు బనగానపల్లె దాటిన తర్వాత బండ నేలలో ఉంది. ఊరి పేరు రాయను. ఈ దారిలో పోనివారి కోసం రెండు మాటలు. కర్నూలు నుండి పాణ్యం దాకా పెద్ద రోడ్డు. అది ఇప్పుడు 40వ నెంబరు జాతీయ రహదారి, పాత లెక్కలో 18వ నెంబరు. నాలుగు వరుసల రోడ్డు మీద గ్లాసులో నీళ్లు కూడా తొణకవు. పాణ్యం దగ్గర కుడికి తిరిగామా, అక్కడినుండి వేరే లోకం. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల ప్రాంతమంతా నాపరాతి బండ. గోడలు బండలే, మిద్దెల పైకప్పు బండలే, చేల గట్లకు నిలబెట్టినవి కూడా బండలే. బెలుం గుహలు ఈ రాతిలోనే నీళ్లు తొలిచినవి, మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. బండలు మోసే లారీలు తిరిగి తిరిగి లోపలి రోడ్లు గుంతలు పడతాయి. నల్లరేగడి మీద వేసిన రోడ్డయితే వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చి, అల లేచి పడినట్లుంటుంది.

ఈ రాతి నేలలో బోరు వేస్తే పడే నీళ్లలో సున్నం ఎక్కువ. చెంబులో కాచితే అడుగున తెల్లగా పేరుకొంటుంది. ఆ ఊరిలో వాడుకకు బోర్లు ఉన్నాయి గాని తాగడానికి పనికివచ్చే నీళ్లు ఊరి బయట ఒకే ఒక్క బోరులో ఉన్నాయి. రాను పోను కిలోమీటరున్నర నడవాలి. కరెంటు ఉన్నప్పుడే మోటారు.

మేము సాయంత్రం చేరాము. పిల్లలు చుట్టూ చేరారు. అడగకముందే స్త్రీలు బిందెలెత్తుకొని బోరు దగ్గరకు పోయారు. ఎనిమిది బిందెలు తెచ్చి మా ట్యాంకు నింపారు. ఒక ముసలవ్వ తన బిందె ఎత్తి అందిస్తూ, "తాగే నీళ్లప్పా, సూసి వాడుకోండి" అన్నది. ఆ అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. మరునాడు మొదట పరీక్ష చేయవలసిన వారిలో ఆమె ఒకరు.

రాత్రి భోజనాలయ్యాయి, పండుకొన్నాము. తెల్లవారి నేను దిగి చూస్తే వ్యాను కింద నేలంతా తడి. ఆ తడిలో ఒక కుక్క హాయిగా పడుకొని ఉంది. రెండు మేకలు టైరు దగ్గర నాకుతున్నాయి. లోపలికి పోయి ట్యాంకు మూత తీశాను. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లున్నాయి.

సంగతేమంటే, ట్యాంకు నుండి కొళాయికి వచ్చే గొట్టం గట్టి ప్లాస్టిక్‌ది, గోడకు బిగించినది. సింకు ఊగుతోంది, దానితో కొళాయి ఊగుతోంది, గొట్టం మాత్రం కదలదు. రెంటి మధ్యనున్న అతుకు ఎన్నాళ్లని ఓర్చుకొంటుంది? నిన్నటి దారిలో చిట్లింది. రాత్రంతా సన్నగా కారింది. ట్యాంకు దగ్గర ఒక వాల్వు ఉంది. పండుకొనేముందు దానిని తిప్పి మూస్తే సరిపోయేది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

అవ్వ వచ్చి తడి నేల మీద నిలబడింది. చూపు సరిగా లేకపోయినా పాదాలకు తెలిసింది. చెప్పు లేని కాలితో ఆ బురదను ఒకసారి తడిమింది. నేను ఏదో చెప్పబోయాను. "నేల తాగిందిలేప్పా" అని మాత్రం అని వెళ్లిపోయింది. అరగంటలో మళ్లీ నాలుగు బిందెలు వచ్చాయి. ఎవరూ ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఉదయం ఉప్మా నా గొంతు దిగలేదు. మా ఇంటావిడ కూడా "నేను చెప్పలేదా" అని అనలేదు. ఆమె అలా అనని సందర్భాలు మా కాపురంలో తక్కువ. అందుకే ఇది గుర్తుండిపోయింది.

శిబిరం ముగించుకొని నంద్యాల పోయాము. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, లారీలకు చెక్క బాడీలు కట్టే మేస్త్రీ. డెబ్బై ఏళ్లుంటాయి. గడ్డమంతా తెలుపు, చెవిమీద పెన్సిలు. ఇళ్ల వడ్రంగి దగ్గరకు గాక లారీ మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయినది మా డ్రైవరు. వాని తెలివికి మెచ్చుకోవాలి.

మేస్త్రీ వ్యాను ఎక్కి సింకు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ఊపాడు. తర్వాత అలమారులో తల దూర్చి టార్చి వేసి చూశాడు. ఆ తెల్ల చారను గోటితో గీకి నాలుక మీద వేసుకొన్నాడు.

"ఇది సున్నం కాదు సార్. మీ బండ నీళ్ల ఉప్పు. నీళ్లు కారి కారి ఆరితే ఇట్ల తెల్లగ నిలుస్తుంది. దీన్ని చూస్తే ఆర్నెల్ల నుంచి కారుతున్నట్టుంది."

ఆరు నెలలు! మేము గుర్తించింది జనవరిలో. మా వైపు మీ ఇంట్లోగాని బండిలోగాని గట్టు కింద అటువంటి తెల్ల చార కనబడితే, తడి లేకపోయినా సరే, పైన ఎక్కడో సందు ఉన్నట్టే లెక్క. ఎండలకు తడి ఆరిపోతుంది గాని ఉప్పు ఉండిపోతుంది.

సిలికాన్ కోసి, సింకును పైకి లాగి తీశాడు. మూడు సంవత్సరాలుగా దానిని పట్టుకొని ఉన్నదేమిటో అప్పుడు చూశాను. అడుగు వైపు నాలుగు పల్చటి రేకు క్లిప్పులు. వాటిలో రెండు ఊడి కింద పడి ఉన్నాయి. మిగతా రెండింటి స్క్రూలు మెత్తబడిన చెక్కలో వేలితో తిప్పితే తిరుగుతున్నాయి. ప్లైవుడ్‌లో కోసిన రంధ్రం కావలసినదానికంటే పెద్దది. సింకు అంచు ఒక పక్కన పావు అంగుళం కూడా ఆనడం లేదు. కోసిన అంచుకు రంగు గాని జిగురు గాని పూయలేదు. నీళ్లు తాగి పొరలు పొరలుగా విచ్చుకొని, పుస్తకం తడిస్తే ఉబ్బినట్టు ఉబ్బింది.

"ఇంట్లో అయితే ఇది పదేండ్లు ఉంటాది" అన్నాడు మేస్త్రీ. "ఇల్లు కదలదు గదా. సింకు తన బరువుతో తానే కూర్చుంటుంది. బండిలో అట్ల కాదు. గుంతలో పడినప్పుడు బండి కిందికి పోతుంది, సింకు పైకి లేస్తుంది. అంటించింది ఎంతసేపు ఆపుతుంది? పైనుంచి అంటించేది నీళ్లు పోకుండా. పట్టుకొనేది కిందినుంచి ఉండాల."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మీరు ఆర్టీసీ బస్సులో చివరి సీట్లో కూచున్నారా?" కూర్చోని పాస్టరు ఎవరు! నడుము విరిగి దిగుతాము. మధ్య సీటువాడు నిద్రపోతుంటే చివరి సీటువాడు టాపుకు తల కొట్టుకొంటాడు. వెనుక చక్రాలు దాటి బయటికి ఉన్న భాగం ఎక్కువ ఎగురుతుంది. మేము వంటగదిని కట్టించినది సరిగ్గా అక్కడే. ఇక దానిని మార్చడం మా కానుకల పెట్టెకు సాధ్యం కాదు. కాబట్టి ఉన్నచోటనే గట్టి చేయాలి.

మాతో ఉన్న సంఘ పెద్ద ఒకరు, ప్లైవుడ్ తీసేసి కడప బండ వేయించమన్నారు. మన ఇళ్లలో వంటగట్టు అదే గదా, నీళ్లకు చెడదు, చవక. మేస్త్రీ నవ్వి నేల మీద సుద్దతో లెక్క వేశాడు. అయిదడుగులకు రెండడుగులు, అంగుళం మందం బండ అరవై అయిదు కిలోల వరకు తూగుతుంది. అది బండికి ఒక మనిషి ఎక్కినట్టు. బరువైనా ఓర్చుకోవచ్చు గాని, బండి బాడీ దారిలో కొంచెం మెలి తిరుగుతుంది. చెక్క దానితోపాటు వంగుతుంది, రాయి వంగదు, విరుగుతుంది. "రాయి ఇంటికి, చెక్క బండికి" అన్నాడు. అప్పుడే అవుకు దారిలో వచ్చిన మాకు రాయి విలువ తెలుసు, అయినా ఆ మాట కాదనలేకపోయాము.

పని రెండు రోజులు పట్టింది. మొదటి రోజు తీసివేయడమే. విచ్చుకొన్న ప్లైవుడ్ ముక్కను కోసి పారేశాడు. నీళ్లకు ఆగే మెరైన్ ప్లైవుడ్, 710 అనే ఐ.ఎస్. నెంబరు ముద్ర చూసి కొనమని మా కుర్రవాణ్ణి పంపాడు. చాలామంది 303 నెంబరుది, మామూలు రకం, ధర తక్కువని కొంటారు. అది గది లోపలి సామానుకు సరిపోతుంది గాని నీళ్ల పక్కన కాదట. కొత్త రంధ్రాన్ని కాగితం మీద గీసి, సింకు అంచు నాలుగువైపులా సమానంగా ఆనేట్టు కోశాడు. కోసిన అంచుకు రెండు పూతల రంగు. దానిని ఆరనివ్వడానికే సాయంత్రమయింది.

ఆ సాయంత్రం మేము కె.సి. కాలువ గట్టు మీద కూర్చున్నాము. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి కడప దాకా తెచ్చిన కాలువ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు తవ్వించారు. పొలాలకు నీళ్లు మాత్రమే గాక పడవలు నడపడం కూడా వారి ఉద్దేశం. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అమ్మివేశారు. కర్నూలు నుండి కడపకు నీటి మీద పోయే పడవలో వంట చేసుకొంటూ పోతే ఎలా ఉండేదో అని మా ఇంటావిడ అన్నది. గుంతలు మాత్రం ఉండవు. మొదటి దొరలు, మన మొదటి సువార్తికులు ఎద్దుబండ్ల మీద డేరాలు వేసుకొని ఈ ముత్యాలపాడు, కలసపాడు, జమ్మలమడుగు ప్రాంతాలు తిరిగారు. ఎద్దుబండిలో కడవ ఎలా పెట్టేవారో మా నాయన చెప్పేవాడు. అడుగున వరిగడ్డి చుట్టి కుదురు చేసి, దాని మీద కడవ దించి, మెడకు తాడు వేసి బండి గుంజకు కట్టేవారు. కుదురు అదురును మింగేది, తాడు ఎగరకుండా ఆపేది. పిల్లలను కుదురుగా కూర్చోమంటాము, ఆ మాట ఈ గడ్డి చుట్టను చూసే వచ్చిందేమో. మాకు మూడేళ్లుగా కడవ ఉంది గాని కుదురూ లేదు, తాడూ లేదు.

రెండో రోజు మేస్త్రీకి ఈ మాట చెప్పాను. "అదే పని చేస్తాన్నా" అన్నాడు. గట్టు అడుగున రంధ్రం చుట్టూ నాలుగు వైపులా రెండంగుళాల చెక్క బద్దలు జిగురు పెట్టి, స్క్రూలు వేసి బిగించాడు. స్క్రూ పొడవు ముందే కొలిచి, పైకి పొడుచుకు రాకుండా చూశాడు. ఆ బద్దలకు లారీ బాడీకి వాడే ఇనుప పట్టీ ముక్కలను వంచి క్లాంపులుగా బిగించాడు, నాలుగు కాదు ఎనిమిది. స్క్రూలతో గాక నట్టు బోల్టులతో, స్ప్రింగ్ వాషర్లు వేసి. అదురుకు స్క్రూ వదులవుతుంది, స్ప్రింగ్ వాషరుతో బిగించిన నట్టు అంత తొందరగా వదలదు. ఆ తర్వాతది అసలు కుదురు. సింకు తొట్టి అడుగున అటునుండి ఇటు ఒక అడ్డ చెక్క పెట్టి, దాని మీద పాత లారీ ట్యూబు ముక్కను రెండు మడతలు వేసి పరిచాడు. తొట్టి దాని మీద ఆనింది. అంతకుముందు బరువంతా అంచు మీద వేలాడేది. తొట్టి సగం నిండితే పన్నెండు కిలోల నీళ్లు, పైన గిన్నెలు. గుంతలో పడితే ఆ బరువు రెండింతలై కొడుతుంది.

అన్నీ అమర్చిన తర్వాతే సిలికాన్. అంచును, గట్టును పొడి గుడ్డతో తుడిచి, నూనె మరక లేకుండా స్పిరిటుతో మళ్లీ తుడిచి, సన్నటి ఒకే ధారగా పూశాడు. నేను పూసినదాంట్లో పావు వంతు కూడా లేదు. ఇక ఇరవైనాలుగు గంటలు ముట్టవద్దన్నాడు. సిలికాన్ గాలిలోని తేమ తీసుకొని గట్టిపడుతుంది. ఎండలో తొందరగా ఆరుతుందనుకొంటాము, మన సీమ వేసవిలో గాలి పొడిగా ఉండటం చేత ఆలస్యమే అవుతుంది. నేను పూసిన రోజు రెండు గంటలలో బయలుదేరాము!

గొట్టాల సంగతి చివర. కొళాయికి గట్టి గొట్టం తీసేసి, వంగే గొట్టం వేసి, నడుమ ఒక చుట్టు వదులుగా విడిచాడు. నీళ్లు బయటికి పోయే గొట్టం కూడా అంతే, దాని బరువు సింకు మీద పడకుండా గోడకు ఒక పట్టీ. సింకును కదలనివ్వకూడదు, గొట్టాన్ని బిగపట్టకూడదు. మేము సరిగ్గా తలకిందులుగా చేసి ఉన్నాము.

ఇంకొకటి. క్లాంపులు బిగించేముందు మేస్త్రీ నన్ను పక్కకు జరగమని, "దీని కాడ నిలబడి కడిగేది ఎవరు?" అని అడిగాడు. మా ఇంటావిడ ముందుకు వచ్చింది. ఆమెను నిలబెట్టి చేతులు ఎక్కడికి వస్తాయో చూశాడు. గట్టు మూడంగుళాలు తక్కువ ఎత్తులో ఉందట, అందుకే ఆమె నడుము వంచి, బరువంతా సింకు ముందు అంచు మీద వేస్తోందట. మూడేళ్లుగా నడుము నొప్పి అంటుంటే నేను వయస్సు అన్నాను. గట్టు కట్టించేటప్పుడు కొలతలు ఇచ్చిన నలుగురం మగవాళ్లమే. మాలో ఒక్కరం గిన్నె కడగలేదు. మేస్త్రీ కాళ్ల కింద చెక్కలు వేసి గట్టు ఎత్తాడు.

కూలి, సామాను కలిపి ఆయన చెప్పిన మొత్తానికి మా పెద్ద ఒకరు తగ్గించమని అడగబోతే ఆపాను. బిగించిన నట్లన్నీ రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగించుకొమ్మని చెప్పి పంపాడు. కొత్త చెక్క కూర్చుంటుంది, అప్పుడు కొంచెం వదులవుతుందట.

నంద్యాల నుండి కడపకు దారి హాయిగా సాగింది. ఎడమ పక్కన నల్లమల నీలంగా తోడు వస్తుంది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవారి ఉలి చప్పుడు రోడ్డు మీదికి వినబడుతుంది. చాగలమర్రి దాటి దువ్వూరు, మైదుకూరు, చెన్నూరు దగ్గర పెన్న వంతెన. మార్చిలో పెన్నలో ఇసుకే. కడపలో దిగగానే నేను చేసిన మొదటి పని అలమారు తలుపు తీసి, తొట్టి అడుగున చెయ్యి పెట్టి చూడటం. పొడిగా ఉంది. స్పానరు తెచ్చి ఎనిమిది నట్లు బిగించాను. రెండు మాత్రం పావు చుట్టు తిరిగాయి.

అక్కడినుండి మా బావమరిదికి ఫోను చేసి ఈ సంగతి చెబితే పగలబడి నవ్వాడు. అతడు అమెరికాలో ఉంటున్నాడు. అక్కడ సెలవులకు కారు వెనుక తగిలించుకొని లాగే ఇళ్లు ఉంటాయి, ట్రావెల్ ట్రైలరు అంటారు. పడకలు, వంటగది, సింకు అన్నీ ఉంటాయి. కిందటేడు వారు అద్దెకు తీసుకొన్న ట్రైలరులో సింకు ఊడి, తొట్టి గిన్నెలతో సహా అలమారులోకి జారిందట. అక్కడ కూడా పల్చటి క్లిప్పులే, పల్చటి చెక్కే. బరువు తగ్గాలని అలా కడతారట. వారు చేసినది కూడా అడుగున చెక్క ముక్కలు పెట్టి ఆనించడమేనట. వాళ్ల రోడ్లు అద్దంలా ఉంటాయని విన్నానే అన్నాను. "అద్దమైనా కదిలే ఇల్లు కదిలేదే బావా" అన్నాడు.

మా వ్యానులో ఇప్పుడు కొన్ని అలవాట్లు చేసుకొన్నాము. బండి కదిలేముందు సింకులో గిన్నెలు గాని నీళ్లు గాని ఉండకూడదు. ట్యాంకు వాల్వు, గ్యాసు రెగ్యులేటరు మూసి ఉండాలి. గ్యాసు బండను రెండు పట్టీలతో గోడకు బిగించాము. సింకును ఊపిన గుంత సిలిండరును వదిలిపెడుతుందా? ఇంత కాలం అది ఒక్క తాడు మీద ప్రయాణం చేసిందని తలచుకొంటే ఒళ్లు జలదరిస్తుంది. రాత్రి వాల్వు మూయడం నా పని. అది ఎవరికీ అప్పగించలేదు.

ఆగస్టులో మళ్లీ ఆ ఊరికి వెళ్లాము. అవ్వకు ఒక కంటికి ఆపరేషను అయింది. మేము వచ్చామని తెలిసి బిందె ఎత్తుకొని వచ్చింది. ఈసారి మేము నంద్యాలలోనే ట్యాంకు నింపుకొని పోయాము, వద్దని చెప్పాము. ఆమె వినలేదు. నేను బిందె అందుకొని పోశాను. మరునాడు తెల్లవారుజామున నేను కళ్లు తెరిచేసరికి బయట ఎవరో ఉన్నట్టనిపించి దిగాను. అవ్వ వ్యాను పక్కన కూర్చొని, చెయ్యి చాచి, చక్రాల మధ్య నేలను తడుముతోంది. అరచెయ్యి ఎత్తి ఆ మంచి కంటి దగ్గర పెట్టుకొని చూసుకొంది. పొడి దుమ్ము.

"ఉండాయా నీళ్లు?" అని అడిగింది.

"ఉన్నాయమ్మా" అన్నాను. కాఫీ పెట్టి ఇచ్చింది మా ఇంటావిడ.